శ్రీకాకుళం, విజయనగరం నుంచి నాలుగు రోజుల్లో జైసల్మేర్ ఎడారి: ఎలా వెళ్ళి రావాలి

చలి మొదలైతే చాలు, నన్ను అడిగేవాళ్ళందరి ప్రశ్నలూ రెండే. ఎడారి చూడాలంటే ఎన్ని రోజులు సెలవు పెట్టాలి? అమ్మానాన్నలను తీసుకెళ్ళవచ్చా? నాలుగు రోజులు చాలు, తీసుకెళ్ళవచ్చు. కానీ ముందు ఒక లెక్క ఒంటబట్టించుకోవాలి. ఆ నాలుగు రోజుల్లో ఎడారికి దక్కేది ఒక సాయంత్రం, ఒక రాత్రి, ఒక ఉదయం. మిగిలినదంతా దారి, హోటలు, ఊరు. చాలామంది చవక టికెట్ దొరికిందని ముందు అది కొనేసి, తరువాత మిగతావన్నీ దాని చుట్టూ ఇరికిస్తారు. చివరికి సూర్యుడు అస్తమించే వేళకు ఇంకా కారులోనే ఉంటారు. ఏ సాయంత్రం ఇసుక తిన్నె మీద కూర్చోవాలో ముందు తేల్చుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ మన ఊరి దాకా రండి.

ఇక్కడ ఎడారి అంటే రాజస్థాన్‌లోని థార్. అందులోనూ జైసల్మేర్‌కు పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న సమ్ ఇసుక తిన్నెలు. ప్రత్యామ్నాయాలు తరువాత చెబుతాను.

వెంట ఉండవలసినవి

- అందరి అసలు గుర్తింపు కార్డులు, పిల్లలవి సహా. జైసల్మేర్ పాకిస్తాన్ సరిహద్దు జిల్లా. ఫోనులోని ఫొటో ప్రతిచోటా చెల్లదు.
- పంచాంగం. ఎందుకో రెండో మెట్టులో తెలుస్తుంది.
- ప్రతి ఒక్కరికీ మందమైన స్వెట్టరు, చెవులు కప్పే టోపీ, రెండు జతల మేజోళ్ళు. మధ్యాహ్నం ఎండ చూసి ఇవన్నీ ఎందుకు మోసుకొచ్చామా అనిపిస్తుంది. రాత్రి తొమ్మిదింటికి ఆ ప్రశ్న ఉండదు.
- పెదవులకు, చేతులకు వాజలీన్. సముద్రపు తేమలో పెరిగిన ఒళ్ళు మనది. అక్కడి పొడిగాలికి మొదటి రోజే పెదవులు పగులుతాయి, కొందరికి ముక్కులో ఎండిపోయి రక్తం చార కూడా కనబడుతుంది. కొబ్బరి నూనె సీసా తీసుకెళ్ళి ప్రయోజనం లేదు, చలికి తెల్లగా గడ్డకట్టి బయటికి రాదు. నూనే కావాలంటే నువ్వుల నూనె.
- మడమ మూసే బూట్లు. చెప్పులు గుడారం దగ్గర తిరగడానికి.
- చిన్న నోట్లు. సిగ్నల్ సరిగా లేనప్పుడు ఫోను చెల్లింపులు ఆగిపోతాయి. ఒంటె తోలేవారికీ పాట పాడినవారికీ చేతిలో పెట్టడానికి నగదే మేలు.
- ఓఆర్ఎస్ పొట్లాలు, రోజూ వేసుకునే మాత్రలు రెండు రోజులకు అదనంగా.
- దారిలో తినడానికి పలాస జీడిపప్పు. ఆవకాయ తీసుకెళ్ళాలనుకుంటే సీసా మూతకు టేపు చుట్టి లగేజీలో వేయండి. చేతి సంచిలో ఉంటే తనిఖీ దగ్గర ఆపేస్తారు. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు.

1. నెల ఎంచుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా వెళ్ళదగిన కాలం. మార్చి సగం దాటితే ఎండ, ఏప్రిల్ నుంచి దుమ్ము గాలులు, మే, జూన్ నెలల్లో 45 డిగ్రీలు దాటిన రోజులూ ఉంటాయి. వేసవి సెలవుల్లో పిల్లలకు తీరికని అటు బయలుదేరకండి.

ఈ నాలుగు నెలల్లోనూ తప్పించుకోవలసిన రోజులు కొన్ని ఉన్నాయి. దీపావళి వారంలో గుజరాత్ నుంచి జనం తండోపతండాలుగా వస్తారు. డిసెంబరు 25 నుంచి జనవరి 1 దాకా ధరలు ఆకాశంలో ఉంటాయి. డిసెంబరు మూడో వారం నుంచి జనవరి చివరి దాకా ఢిల్లీని పొగమంచు కమ్మేస్తుంది, పొద్దుటి విమానాలు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఆ రోజుల్లో ఢిల్లీ మీదుగా వెళ్ళాలనుకోవడం నాలుగు రోజుల సెలవుతో జూదమాడటమే.

సంక్రాంతికి ఒక వెసులుబాటు ఉంది. పండగకు ముందు జనమంతా హైదరాబాద్ నుంచి మన జిల్లాలకు వస్తారు, పండగయ్యాక తిరిగి వెళతారు. మీరు వాళ్ళకు ఎదురుగా ప్రయాణిస్తారు కనుక టికెట్లు దొరకడం తేలిక. భోగి మంట వదిలేసి ఎడారికి పోతామంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారన్నది మీరు చూసుకోవలసిన సంగతి.

నన్నడిగితే ఫిబ్రవరి రెండో సగం. పొగమంచు తగ్గుతుంది, చలి ఓర్చుకునేలా ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. అరసవల్లి రథసప్తమి కూడా చాలా ఏళ్ళలో అప్పటికి అయిపోతుంది.

2. చంద్రుణ్ణి చూసుకోండి

ఎడారిలో రాత్రి రెండు రకాలు. పౌర్ణమి దగ్గరైతే ఇసుక అంతా వెన్నెల పరుచుకుని, టార్చి లేకుండానే నడవవచ్చు, కానీ నక్షత్రాలు పెద్దగా కనబడవు. అమావాస్య దగ్గరైతే నక్షత్రాలు ఆకాశం నిండా ఉంటాయి, కాళ్ళ కింద మాత్రం ఏమీ కనబడదు. ఏది కావాలో ఇంట్లో అడిగి తేల్చుకోండి. చిన్నపిల్లలుంటే వెన్నెల, కెమెరా పిచ్చి ఉన్నవాళ్ళుంటే అమావాస్య.

జైసల్మేర్‌లో మరు మహోత్సవం (ఎడారి పండగ) మాఘ పౌర్ణమికి ముగిసేలా మూడు రోజులు జరుగుతుంది. ఒంటెల పోటీలు, మీసాల పోటీలు, తలపాగా చుట్టే పోటీలు చూడాలంటే అప్పుడు వెళ్ళండి. గదులు మాత్రం రెండు మూడు నెలల ముందే పట్టుకోవాలి. నక్షత్రాలు కావాలంటే శివరాత్రిని మించిన సెలవు లేదు, శివరాత్రి అంటేనే అమావాస్య ముందటి రాత్రి కదా. ఉపవాసం ఉండేవాళ్ళకు జాగారం చేయడానికీ ఇబ్బంది లేదు. గుడారాల దగ్గర నిద్ర ఎలాగూ ఆలస్యమే.

3. దారి తేల్చుకోండి

విశాఖ నుంచి విజయనగరం, రాయగడ మీదుగా జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకి వారానికొక రైలుంది. ప్రయాణం దాదాపు రెండు రోజులు. పది రోజుల సెలవున్నవాళ్ళకు చక్కటి దారి. నాలుగు రోజులవాళ్ళు దాన్ని మరిచిపోవాలి.

మిగిలినవి విమాన మార్గాలు రెండు.

మొదటిది విశాఖ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి జైసల్మేర్. రెండో విమానం గంటన్నర. జైసల్మేర్‌కు విమానాలు తక్కువ, అవీ ఎక్కువగా చలికాలంలోనే నడుస్తాయి. దొరికితే ఇదే అన్నిటికంటే సుఖం.

రెండోది విశాఖ నుంచి హైదరాబాద్ లేదా ముంబై మీదుగా జోధ్‌పూర్ వెళ్ళి, అక్కడి నుంచి రోడ్డు లేదా రైలు పట్టుకోవడం. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ సుమారు 285 కిలోమీటర్లు. కారులో ఐదు గంటలు, రైల్లో ఐదారు గంటలు. రాత్రి ఎక్కి తెల్లవారేసరికి దిగే రైలు మీ తేదీకి దొరికితే ఒక రాత్రి గది ఖర్చు మిగులుతుంది. పొగమంచు రోజుల్లో నేను ఈ దారినే చెబుతాను.

హెచ్చరికలు:

రెండు విమానాలకూ వేర్వేరు టికెట్లు కొంటే మధ్యలో కనీసం నాలుగు గంటలు ఉంచండి. మొదటిది ఆలస్యమైతే రెండో సంస్థకు సంబంధం ఉండదు, డబ్బు పోతుంది. ఒకే టికెట్‌లో రెండు ప్రయాణాలూ ఉంటే వంద, రెండు వందలు కాదు, వెయ్యి ఎక్కువైనా అదే తీసుకోండి. ఢిల్లీలో ఏ టెర్మినల్‌లో దిగి ఏ టెర్మినల్‌లో ఎక్కాలో కూడా చూడండి. ఒకటో టెర్మినల్ నుంచి మూడో దానికి బస్సో టాక్సీయో ఎక్కి పోవాలి, నడిచి పోయే దూరం కాదు.

మన వైపు మరో సంగతి. విశాఖ విమానాలు భోగాపురం విమానాశ్రయానికి మారే ఏర్పాటు ఉంది. కాబట్టి టికెట్ మీద ఏ విమానాశ్రయం రాసి ఉందో కొన్నప్పుడు ఒకసారి, బయలుదేరే ముందు రోజు మరోసారి చదవండి. శ్రీకాకుళం నుంచి వచ్చేవారికి భోగాపురం దారిలోనే తగులుతుంది. అలవాటుకొద్దీ దాన్ని దాటి విశాఖ పోతే, వెనక్కి వచ్చేసరికి విమానం ఎగిరిపోతుంది.

4. ఆ సాయంత్రం నుంచి వెనక్కి లెక్క వేయండి

మన జిల్లాలకు, జైసల్మేర్‌కు గడియారం ఒకటే, సూర్యుడు వేరు. అది మనకు పడమరగా దాదాపు 13 రేఖాంశ డిగ్రీల దూరాన ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పొద్దు ముప్పావు గంటకు పైగా వెనకబడుతుంది. డిసెంబరు చివర మనకు ఐదున్నరకే చీకటి పడుతుంటే అక్కడ ఆరు దాకా సూర్యుడు ఉంటాడు. ఉదయం ఏడున్నరకు గానీ రాడు. ఫిబ్రవరి రెండో సగంలో అస్తమయం సుమారు 6.40కి, ఉదయం 7.10 ప్రాంతంలో. మనలాగా ఐదింటికే లేచి తిన్నె ఎక్కి కూర్చుంటే రెండు గంటలు చలిలో వణకడమే మిగులుతుంది.

గుడారంలో పడుకునే రాత్రి రెండో రోజు రాత్రే కావాలి. మొదటి రోజు పెట్టుకుంటే విమానం ఆలస్యమైన మరుక్షణం ఎడారి మొత్తం పోతుంది. మూడో రోజు పెట్టుకుంటే మర్నాడు పొద్దున్నే తిరుగు ప్రయాణం హడావుడిలో సూర్యోదయం పోతుంది. ఫిబ్రవరి చివరికి లెక్క ఇలా వస్తుంది:

- రెండో రోజు 6.40: అస్తమయం.
- 5.15: ఒంటె ఎక్కాలి.
- 3.30: గుడారం చేరాలి. టీ తాగి, స్వెట్టర్లు పైకి తీసుకోవాలి.
- 1.30: జైసల్మేర్ నుంచి కారు బయలుదేరాలి. దారిలో కుల్‌ధరా దగ్గర గంట ఆగవచ్చు. పాలీవాల్ బ్రాహ్మణులు 19వ శతాబ్దంలో వదిలి వెళ్ళిన ఊరది, రాతిగోడలు వరుసలు వరుసలుగా మిగిలి ఉన్నాయి.
- ఉదయం: జైసల్మేర్ కోట.
- మొదటి రోజు రాత్రి: జైసల్మేర్‌లో నిద్ర, లేదా జోధ్‌పూర్ నుంచి రాత్రి రైలు.
- మొదటి రోజు పొద్దున: విశాఖ నుంచి విమానం. శ్రీకాకుళం నుంచైతే ముందు రాత్రే విమానాశ్రయం దగ్గరకు చేరి పడుకోవడం మంచిది. సెలవుకు ముందు రోజు రద్దీగా ఉండే జాతీయ రహదారిని నమ్ముకుని తెల్లవారుజాము విమానం పెట్టుకోవద్దు.

మూడో రోజు సూర్యోదయం, ఫలహారం, జైసల్మేర్‌లో పట్వా హవేలీలు (పాత వర్తకుల మేడలు), గడీసర్ చెరువు, మధ్యాహ్నమే జోధ్‌పూర్ వైపు. నాలుగో రోజు ఇంటికి. చీకటి పడ్డాక జైసల్మేర్, జోధ్‌పూర్ రోడ్డు మీద కారు వద్దు. రోడ్డు మంచిదే, కానీ ఆవులు, ఒంటెలు, నీల్‌గాయలు అడ్డం వస్తాయి.

5. గుడారం బుక్ చేయడం

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, అందుకే తీరిగ్గా చెబుతాను.

సమ్‌లో ఉండేవి స్విస్ టెంట్లు: లోపల మంచం, వెనక స్నానాల గది. సాధారణంగా ప్యాకేజీలో టీ, ఒంటె సవారీ, సాయంత్రం పాటలు, నాట్యం, రాత్రి భోజనం, ఉదయం ఫలహారం కలిసి ఉంటాయి. ఫొటోలలో అన్నీ ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది ఎక్కడ ఉన్నాయన్న దానితోనే. జైసల్మేర్ నుంచి సమ్ వెళ్ళే రోడ్డు పొడవునా, ముఖ్యంగా కనోయి దగ్గర, గుడారాలు ఎన్నో ఉన్నాయి. అన్నీ తమది సమ్ అనే రాసుకుంటాయి. అక్కడ దిగితే చుట్టూ కంప, రాళ్ళ నేల. ఇసుక చూడాలంటే మళ్ళీ వాహనం ఎక్కాలి.

పరీక్ష సులభం. వాట్సాప్‌లో లొకేషన్ పంపమనండి. దాన్ని ఉపగ్రహ చిత్రంలో తెరిచి చూడండి. ఇసుక తిన్నెలు అలలలాగా ముడతలు పడి లేత రంగులో కనబడతాయి. గుడారం నుంచి వాటికి నడిచిపోయేంత దూరమైతే సరే. లొకేషన్ అడిగినప్పుడు "మీరు రండి సార్, మెయిన్ రోడ్డు మీదే మా బోర్డు కనబడుతుంది" అన్నారంటే మీకు కావలసిన జవాబు వచ్చేసినట్టే.

ఆ తరువాత ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు ఫోనులో మాటలుగా కాక రాతలో తీసుకోండి:

- ఒంటె సవారీ ఎంతసేపు? అస్తమయానికి ముందేనా? కొన్నిచోట్ల పది నిమిషాలు తిప్పి దింపేస్తారు.
- జీపు సఫారీ ప్యాకేజీలో ఉందా, విడిగా డబ్బు కట్టాలా?
- వేడినీళ్ళు గీజరువా, బకెట్టా? ఏ వేళ నుంచి ఏ వేళ దాకా?
- మనిషికి ఎన్ని రగ్గులు? అదనంగా ఇస్తారా?
- పాటలు జానపద కళాకారులవా, లేక డీజేనా? రాత్రి ఎన్నింటికి ఆపుతారు?
- భోజనంలో అన్నం ఉంటుందా?

డీజే ప్రశ్న తప్పక అడగండి. మాంగణియార్లనే ఎడారి జానపద గాయకుల గొంతు, కాల్బేలియా తెగవారి నాట్యం వినడానికీ చూడటానికీ అంత దూరం పోయి, మన ఊరి పెళ్ళి ఊరేగింపులో వినబడే పాటలే పెద్ద పెట్టెల్లో వినాల్సి వస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. కాల్బేలియా నాట్యాన్ని యునెస్కో 2010లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. పైగా ఆ ప్రాంతం బట్టమేక పక్షులకు మిగిలిన కొద్ది నెలవుల్లో ఒకటైన ఎడారి జాతీయ పార్కుకు ఆనుకుని ఉంది, అక్కడ పెద్ద చప్పుడు తగదు.

మొత్తం డబ్బు ముందే కట్టవద్దు. కొంత బయానా ఇచ్చి, మిగిలినది గుడారం చూశాక ఇవ్వండి. జైసల్మేర్‌లో నమ్మలేనంత చవకగా గది దొరికితే అనుమానించండి. గదిలో దిగాక తమ దగ్గరే సఫారీ కొనాలని ఒత్తిడి చేయడం అక్కడ పాత ఎత్తు. సమ్ రోడ్డు మీద మోటారు సైకిలుపై మీ కారు పక్కనే వస్తూ "మీ క్యాంపు మూసేశారు, మా దగ్గరకు రండి" అనేవారికి కిటికీ అద్దం దించకండి.

6. ఇంటి దగ్గరే ఒక పరీక్ష

పెద్దవాళ్ళను తీసుకెళుతున్నవారు ఈ మెట్టు దాటేయవద్దు. ఒక ఆదివారం కళింగపట్నమో బారువో వెళ్ళండి. నీళ్ళ అంచున గట్టి ఇసుక మీద కాదు, పైన కాలు దిగబడే పొడి ఇసుకలో అమ్మానాన్నలను పావుగంట నడిపించండి. ఆయాసం లేకుండా, మోకాలు పట్టుకోకుండా నడిచారంటే చిన్న తిన్నె ఎక్కగలరు. ఇబ్బంది పడ్డారంటే ప్రయాణం మానుకోనవసరం లేదు. ఒంటె లాగే బండి దొరుకుతుంది. ముందే మాట్లాడుకుని దాంట్లో తిన్నె దాకా తీసుకెళ్ళండి. ఒంటె వీపు మీద ఎక్కించవద్దు.

నడుము నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్ళను, గర్భిణులను జీపు సఫారీకి అసలే ఎక్కించకండి. తిన్నె అంచు నుంచి జీపు కిందికి దూకినట్టు దిగుతుంది, పిల్లలకు సరదా, వెన్నెముకకు శిక్ష. కిడ్నీ జబ్బు ఉన్నవారు, ఉద్దానం వైపు ఇది తరచూ వినే మాటే కనుక చెబుతున్నాను, పొడి గాలిలో ఎన్ని నీళ్ళు తాగాలో తమ డాక్టరును ముందే అడగాలి. మిగిలినవారంతా దాహం వేయకపోయినా తాగుతూ ఉండాలి. మన దగ్గర చెమట చొక్కాకు అంటుకుని తెలుస్తుంది. అక్కడ పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది, ఒంట్లో నీరు తగ్గిన సంగతి తలనొప్పి వచ్చేదాకా తెలియదు.

7. ఒంటె మీద

కూర్చున్న ఒంటెనే ఎక్కిస్తారు. జీనుకు ముందున్న కొమ్మును రెండు చేతులతో పట్టుకోండి, ఫోను జేబులో పెట్టి గుండీ వేసేయండి. ఒంటె మొదట వెనక కాళ్ళ మీద లేస్తుంది. అంటే మీరు ఒక్కసారిగా దాని మెడ మీదికి తూలుతారు. కాబట్టి అది కదిలిందనగానే వెనక్కి వాలండి. తరువాత ముందు కాళ్ళు లేపుతుంది, అప్పుడు నిటారుగా అవుతారు. దిగేటప్పుడు మొదట ముందరి కాళ్ళు మడుస్తుంది, అప్పుడూ ముందుకే తూలుతారు, అప్పుడూ వెనక్కే వాలాలి. చాలామంది ఎక్కేటప్పుడు జాగ్రత్తగా ఉండి, దిగేటప్పుడు నవ్వుతూ ఫొటోకు చూస్తారు. పడేది అప్పుడే.

చిన్నపిల్లలను పెద్దవారి ముందు కూర్చోబెట్టండి. నడకలో నడుము బిగించకుండా ఒంటెతోపాటు ఊగనిస్తే మర్నాడు నొప్పులుండవు. ముక్కులోంచి రక్తం కారుతున్న, కుంటుతున్న ఒంటెను ఇస్తే వద్దని చెప్పి మరొకటి అడగండి.

అస్తమయానికి జనమంతా ఒకే తిన్నె మీద గుమిగూడతారు. ఒంటె తోలేవారితో ముందే చెప్పి మరో రెండు తిన్నెలు దాటించుకోండి. ఫొటోలలో పాదముద్రలు లేని ఇసుక కావాలన్నా అదే మార్గం. ఫోను చార్జింగ్ రంధ్రంలో ఇసుక చేరకుండా చిన్న టేపు ముక్క అంటించండి. పెద్ద కెమెరా ఉంటే అక్కడ లెన్సు మార్చవద్దు. డ్రోను అసలు తీసుకెళ్ళవద్దు, సరిహద్దు ప్రాంతంలో అది పోలీసు కేసు అవుతుంది.

సూర్యుడు దిగిన అరగంటలోనే ఇసుక చల్లబడిపోతుంది. కాసేపటి క్రితం గోరువెచ్చగా ఉన్న ఇసుకలో చేయి పెడితే పైపొర చల్లగా, వేళ్ళు లోపలికి పోయినకొద్దీ ఇంకా వెచ్చగా తగులుతుంది. స్వెట్టరు వేసుకోవలసిన వేళ అదే. గుడారానికి వెళ్ళాక వేసుకుందామనుకుంటే జలుబు ఖాయం.

8. భోజనం

కేర్ సాంగ్రీ కూర, గట్టా (శనగపిండి ముద్దల) కూర, బాజ్రా (సజ్జ) రొట్టె, దాల్ బాటీ చూర్మా. కేర్ సాంగ్రీని తప్పకుండా తినండి. ఎడారిలో కాసే కాయలతో వండుతారు, పులుపు, కారం ఉంటాయి కాబట్టి మన నోటికి వెంటనే పడుతుంది. బాటీలు రెండుకు మించవద్దు, నేతిలో నానిన గోధుమ ఉండలు రాత్రంతా కడుపులో కూర్చుంటాయి. అన్నం దొరుకుతుంది, చాలాసార్లు జీలకర్ర అన్నం. జైసల్మేర్ బజారులో ఘోటువా లడ్డూ కొనుక్కోండి.

తరచూ జరిగే పొరపాట్లు

తనోట్ మాత ఆలయాన్ని, లోంగేవాలాను ఇదే నాలుగు రోజుల్లో ఇరికించడం. తనోట్ జైసల్మేర్ నుంచి సుమారు 120 కిలోమీటర్లు. 1965 యుద్ధంలో గుడి దగ్గర పడి పేలని గుండ్లను అక్కడ ఉంచారు, 1971 డిసెంబరులో యుద్ధం జరిగిన లోంగేవాలా కూడా అటే. చూడదగినవే, కానీ ఒక రోజంతా పడుతుంది. ఐదో రోజు సెలవుంటేనే పెట్టుకోండి.

కోట లోపల గది తీసుకోవడం. 1156లో రావల్ జైసల్ కట్టించిన ఆ పసుపు రాతి కోటలో నేటికీ జనం కాపురముంటున్నారు. అదే దాని అందం. కానీ వాడకం నీళ్ళు పునాదుల్లోకి ఇంకి కోటకు చేటు చేస్తున్నాయని ఏళ్ళుగా ఆందోళన ఉంది. సామాన్లు మోసుకుంటూ నిటారు దారి ఎక్కడం మరో తలనొప్పి. బయట, కోట కనబడే మేడ ఉన్న గది తీసుకోండి.

ఎడారి అంటే వేడి అనుకుని నూలు బట్టలతో వెళ్ళడం. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఏడెనిమిది డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది.

అన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడం

వారం ముందు గుడారానికి ఫోను చేసి మీ పేరు, తేదీ, ఎంతమందో వాళ్ళ నోటితో చెప్పించండి. మీరు చెప్పి "అవునా" అని అడిగితే అందరూ అవుననే అంటారు. మూడు రోజుల ముందు విమానం వేళ మారిందేమో చూడండి. ఆ తేదీకి జైసల్మేర్‌లో అస్తమయం ఎన్నింటికో ఫోనులో చూసి, పైన వేసిన లెక్కను అటూ ఇటూ జరపండి. ఏ రెండు పనుల మధ్యనైనా అరగంట కూడా ఖాళీ లేకపోతే ఒక పని కొట్టేయండి, కుల్‌ధరాతో మొదలుపెట్టండి. సరిహద్దులో ఉద్రిక్తత వార్తలుంటే ఆగండి. 2025 మే నెలలో ఆ వైపు విమానాశ్రయాలు కొన్ని రోజులు మూతపడ్డాయి. అందుకే రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే గదులే బుక్ చేయండి.

సమ్ వద్దనుకుంటే

రద్దీ ఇష్టం లేనివారికి ఖూరీ. జైసల్మేర్‌కు నైరుతిగా 50 కిలోమీటర్ల లోపే. తిన్నెలు చిన్నవి, రాత్రి ప్రశాంతం, సౌకర్యాలు తక్కువ.

మూడు రోజులే ఉంటే జైసల్మేర్ ఆలోచన మాని జోధ్‌పూర్‌లో దిగి ఓసియాన్ వెళ్ళండి. 65 కిలోమీటర్లు, గంటన్నర లోపు. తిన్నెలు, గుడారాలు, ఒంటెలు అన్నీ ఉన్నాయి, పైగా పాత ఆలయాలు, సచియా మాత గుడి. పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి నాలుగు రోజులున్నా నేను దీన్నే మొదట చెబుతాను.

కచ్‌లోని ధోర్డో గురించి కూడా అడుగుతుంటారు. భుజ్ నుంచి సుమారు 80 కిలోమీటర్లు, ముందుగా అనుమతి తీసుకోవాలి. అది ఇసుక కాదు, కనుచూపు మేర ఉప్పు. నౌపడ ఉప్పు మడులు చూసి పెరిగిన శ్రీకాకుళం వాళ్ళు ఉప్పు కోసం అంత దూరమా అంటారు గానీ, పౌర్ణమి రాత్రి అక్కడి తెలుపు వేరు. ఇసుకే కావాలని పట్టుబట్టే పిల్లలుంటే మాత్రం అటు తీసుకెళ్ళవద్దు.